మూట పరీక్ష రాయదు

మీ ఇంటి పిల్ల పరీక్షకి ఎన్ని గంటలకి బయల్దేరాలో ఎవరు నిర్ణయిస్తున్నారండీ? పరీక్ష పెట్టేవాడా, బస్సు నడిపేవాడా, లేక మేకుకి వేలాడుతున్న పంచాంగమా? జవాబు చెప్పే ముందు కాస్త ఆగండి. మేం చదువుకున్నవాళ్లం, అలాంటివి మా ఇంట్లో లేవు అని వెంటనే అనేసేవాళ్లని నేను చాలామందిని చూశాను. మా మేనల్లుడు వాళ్లలో ఒకడు. ఇంజనీరు. గత నెల మామిడికుదురు పక్కనున్న మా ఊరు వెళ్లి వాళ్లింట్లో కొన్నాళ్లు ఉన్నాను. వాడి కూతురు మర్నాడు రాజమండ్రిలో ఏదో ప్రవేశ పరీక్ష రాయాలి. సాయంత్రం వరండాలో కూర్చుని ఫోనులో లెక్క చూస్తూ, వేలితో తొడ మీద గీతలు గీసుకుంటోంది. కాగితం, పెన్ను లేవా అని అడిగాను. "బ్యాగులో ఉన్నాయి మామ్మా. బ్యాగు పక్కింట్లో ఉంది" అంది. పక్కింట్లో ఎందుకుందే అంటే, "రేపు పొద్దున్న వర్జ్యమంట. నాన్న మధ్యాహ్నమే ప్రస్థానం పెట్టేసేరు" అంది. ఫోను అందుకుని చూశాను. అసమీకరణాల లెక్క. ఒక x, దానికి కింద ఒక హద్దు, పైన ఒక హద్దు. నాకు నవ్వు రాలేదు. ఇదే ఊళ్లో, ఇదే రకం లెక్క ముందు, ఇదే కారణానికి చేతిలో పుస్తకం లేకుండా కూర్చున్న పిల్లని ఒకప్పుడు నేనే.

ప్రస్థానం అంటే తెలియని చిన్నవాళ్ల కోసం చెబుతాను. ప్రయాణం చెయ్యాల్సిన వేళ మంచిది కాకపోతే, అంతకు ముందే ఒక మంచి గంట చూసి, ప్రయాణికుడి సామాను మూటకట్టి, వెళ్లాల్సిన దిక్కున ఉన్న ఇంట్లో పెట్టి వస్తారు. అక్కడితో ఆ మనిషి బయల్దేరిపోయినట్టే లెక్క. మనిషి ఇంట్లోనే అన్నం తిని, ఇంట్లోనే పడుకుని, మర్నాడు చెడ్డ గంటలోనే గడప దాటినా ఫరవాలేదు. అది కొత్త ప్రయాణం కాదు, నిన్న మొదలైనదానికి కొనసాగింపు. ఒకసారి బయట పెట్టిన మూటని మాత్రం విప్పకూడదు, తిరిగి ఇంట్లోకి తేకూడదు. గ్రహాల్ని ఇంత సులువుగా బురిడీ కొట్టించొచ్చని నమ్మేవాళ్లు, ఆ గ్రహాలంటే అంత భయపడటం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా తాతయ్య చెడ్డవాడు కాదు. ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఇలాంటి రాతల్లో పెద్దవాళ్లని రాక్షసుల్ని చేసి మనం వీరులమైపోవడం చాలా తేలిక. ఆయన తెల్లారకముందే లేచి, వేప్పుల్ల నములుతూ కొబ్బరితోటలో ఒక చుట్టు తిరిగి వచ్చేవాడు. పెరట్లో కొబ్బరి డొక్కల పోగు వర్షానికి నాని ఒక పులిసిన వాసన వేసేది. దాని మీద ఆయన చుట్ట పొగ, వంటింట్లోంచి కాగుతున్న పాల వాసన కలిసి మా ఇంటి పొద్దు మొదలయ్యేది. కాఫీ అయ్యాక కళ్లజోడు దారాన్ని చెవికి చుట్టుకుని, మేకుకున్న పంచాంగం తీసి, ఇల్లంతా వినపడేలా చదివేవాడు. ఆ చదువుని బట్టే మా అమ్మ పనులు అటూ ఇటూ జరుపుకునేది. ఆవకాయ జాడీ ఎప్పుడు తియ్యాలి, తలంటు ఎవరికి ఎప్పుడు, గోళ్లు తీసుకోవచ్చా లేదా, చాకలికి బట్టలు ఇవాళ వెయ్యాలా రేపా, అన్నీ అందులోనే ఉండేవి. ఒక్క కొబ్బరి దింపుకి మాత్రం వర్జ్యం ఉండేది కాదు. దింపువాళ్లు ఎప్పుడొస్తే అప్పుడే చెట్టెక్కేవాళ్లు, కాయలు ఎప్పుడు రాలితే అప్పుడే లెక్క. ఈ సంగతి నేను చాలా చిన్నప్పుడే గమనించాను. గమనించి, దాచుకున్నాను.

ఆ రోజుల్లో హైస్కూల్లో లెక్కలు రెండు రకాలు. జనరల్ మాథ్స్, కాంపోజిట్ మాథ్స్. పైచదువుల్లో లెక్కలు తీసుకోవాలంటే కాంపోజిట్ చదివి ఉండాలి. మా ఊరి బడిలో ఆడపిల్లలందర్నీ అడక్కుండానే జనరల్లో వేసేవాళ్లు. ఇల్లు నడుపుకోడానికి లాభనష్టాలు, వడ్డీలు వస్తే చాలు కదా అని మా హెడ్మాస్టరుగారి ఉద్దేశం. నాకు ఆల్జీబ్రా కావాలి. తెలియని ఒక సంఖ్య మీద నాలుగు మాటలు చెప్పి, ఆ మాటల్లోంచే దాన్ని బయటకి లాగడం నాకు ఏ ఆటలోనూ దొరకని ఆనందం. తొమ్మిదో తరగతి మొదలై కొన్ని వారాలయ్యాక నా పోరు పడలేక నాన్న అమలాపురంలో ఒక హైస్కూలుకి వెళ్లి మాట్లాడి వచ్చాడు. అక్కడ మా పిన్నిగారింట్లో ఉండి చదువుకోవచ్చు. లెక్కల మాస్టారు ఒకే షరతు పెట్టారు. ఇప్పటిదాకా తమ పిల్లలకి చెప్పిన పాఠాలు సొంతంగా చేసుకుని, ఆ హోంవర్కుతో సోమవారం పది గంటలకి వచ్చి, తన ముందు కూర్చుని లెక్కలు చెయ్యాలి. చేస్తే సీటు. చెయ్యకపోయినా, ఆలస్యమైనా ఆ సీటు ఇంకొకరికి. ఆ తర్వాత నేను మా ఊరి బడిలోనే జనరల్ చదువుకోవచ్చు.

మిగతా పాఠాలు తంటాలు పడి లాక్కొచ్చాను. చివరి పాఠం దగ్గర ఆగిపోయాను. సంయుక్త అసమీకరణాలు. అంటే ఒకే సంఖ్యకి ఒకేసారి రెండు షరతులు. −3 < 5 − 2x ≤ 7 అని ఇస్తారు. ఐదులోంచి x రెట్టింపు తీసేస్తే వచ్చేది మైనస్ మూడు కంటే పెద్దదవ్వాలి, ఏడుకి మించకూడదు. x ఎక్కడెక్కడ ఉండొచ్చో కనుక్కుని సంఖ్యారేఖ మీద గీసి చూపించాలి. నేను ఎలా చేసినా, x నాలుగు కంటే పెద్దది, మైనస్ ఒకటికి మించనిది అని వచ్చేది. అలాంటి సంఖ్య ఎక్కడుంటుంది? ఆ రకం లెక్కలన్నిటికీ కింద "సాధన లేదు" అని రాసిపెట్టాను. ఇన్నిటికి సాధన లేకపోవడమేమిటని అనుమానం మాత్రం పీకుతూనే ఉంది. ఆదివారం మళ్లీ మొదటినుంచి చేద్దామనుకున్నాను.

ఆదివారం తలంటు పోసుకుని, సాంబ్రాణి పొగ మీద జుట్టు ఆరబెట్టుకుని లోపలికి వచ్చేసరికి నా సంచి లేదు. పుస్తకాలు, హోంవర్కు, జామెట్రీ బాక్సు అన్నీ అందులోనే ఉన్నాయి. అమ్మ తలెత్తకుండా చెప్పింది. "రేపు పొద్దున్న తొమ్మిది దాకా వర్జ్యమంటే. పైగా సోమవారం తూర్పుకి శూల. మీ తాతయ్యగారు మంచి గంట చూసి ప్రస్థానం పెట్టించేరు. తూర్పువైపు మీ పెద్దమ్మగారింట్లో ఉంది." నేను జుట్టు ముడేసుకుంటూనే పరిగెత్తాను. పెద్దమ్మ మా నాన్న పెదనాన్నగారి కోడలు, నవ్వు మొహం మనిషి. మూట ఆవిడ పూజగది పక్కన పీట మీద కూర్చుని ఉంది. పసుపుబొట్టు కూడా పెట్టారు దానికి.

"పెద్దమ్మా, నా లెక్కల పుస్తకం తీసుకుంటాను" అన్నాను.

"విప్పకూడదే అమ్మడూ. విప్పితే నువ్వు మళ్లీ ఇంటికొచ్చేసినట్టు."

"నేను ఇంట్లోనే ఉన్నాను కదా."

"నువ్వు బయల్దేరేవే. రేపు పొద్దున్న వచ్చి మూటని కలుసుకుంటావు, అంతే."

"మరి పరీక్ష మూట రాస్తుందా?"

పెద్దమ్మ నవ్వింది. "మీ తాతయ్యగారితో అను, ఆ మాట. వచ్చేవు కదా, సున్నుండ తింటావా?"

సున్నుండ తిన్నాను. నిజం చెప్పాలి కదా. తిని, ఇంటికి పోకుండా, కాలవ మీద తాటిదుంగ దాటి అవతల పేటలోకి వెళ్లాను. అక్కడ సులోచన టీచరుగారి ఇల్లుంది. ఆవిడ నాకు ఐదో తరగతిలో పాఠం చెప్పారు. తర్వాత గుంటూరు వెళ్లి బీయస్సీ లెక్కలు చదివి వచ్చి, పక్క ఊరి హైస్కూల్లో పని చేస్తున్నారు. ఆవిడ నాన్నగారు మా తాతయ్య చేలో పాలేరుగా చేసిన మనిషి. పాఠం చెప్పిన టీచరే అయినా, మా ఇంటి పిల్లలు ఆ పేటకి వెళ్లి వస్తే పెరటిదారిన వచ్చి, నీళ్లు పోసుకుని లోపలికి రావాలి. ఇది మా ఇంట్లో ఎవరూ గట్టిగా అనని నియమం. గట్టిగా అనక్కర్లేదు కూడా, నీళ్లకాగు ఎప్పుడూ పెరట్లో సిద్ధంగానే ఉండేది.

టీచరుగారు చర్చి నుంచి వచ్చి, కట్టుకెళ్లిన తెల్లచీర మడతపెట్టుకుంటున్నారు. "ఏమ్మా, ఇలా వచ్చేవు? కూర్చో" అని కుర్చీ చూపించారు. నేను ఒక్క క్షణం నిలబడిపోయాను. అది ఆవిడ చూశారు. "పోనీ నిలబడే చెయ్యి. సంఖ్యారేఖకి కుర్చీ అక్కర్లేదు" అన్నారు. సిగ్గుతో చచ్చి కూర్చున్నాను. జరిగిందంతా విని ఆవిడ వెక్కిరించలేదు, జాలీ పడలేదు. బీరువా మీదనుంచి తన పుస్తకం దించి, నన్ను లెక్క చెయ్యమన్నారు. చేశాను. కింద "సాధన లేదు" అని రాశాను.

"ఆయ్. ఎవరూ లేరంటావు?"

"లేరండీ."

"సున్నాని పిలువు. x చోట సున్నా పెట్టు. ఎంతొచ్చింది?"

"ఐదండీ."

"ఐదు, మైనస్ మూడు కంటే పెద్దదేనా? ఏడుకి లోపేనా? మరి సున్నా చక్కగా వచ్చి కూర్చుందిగా. ఎవరూ లేరన్నావేంటమ్మా?"

అప్పుడు ఆవిడ తప్పు ఎక్కడుందో నాచేతే వెతికించారు. రెండు వైపులా రుణసంఖ్యతో భాగించినప్పుడు, పెద్దది చిన్నదవుతుంది, చిన్నది పెద్దదవుతుంది. కాబట్టి గుర్తు తిప్పాలి. నేను తిప్పలేదు. తిప్పితే x మైనస్ ఒకటి దగ్గర మొదలై నాలుగు దాకా, నాలుగు తగలకుండా, హాయిగా పరుచుకుని ఉంది. ఎందుకు తిప్పాలి అంటే పుస్తకంలో ఉంది కాబట్టి అని అనలేదు ఆవిడ. రెండు, మూడు రాయించి, రెండింటినీ మైనస్ ఒకటితో గుణించి చూసుకోమన్నారు. ఏది పెద్దదో నేనే చూశాను. చివర్లో ఆవిడన్న మాట నా జీవితంలో నేను విన్న మొదటి హేతువాద పాఠం. "పుస్తకం చెప్పిందని వద్దు, నేను చెప్పేనని వద్దు. ఒక సంఖ్య పెట్టి చూసుకో. సాధన లేదని వచ్చినప్పుడు రెండే ఉంటాయమ్మా. నిజంగా లేకపోవడం ఒకటి. మనం ఎక్కడో తప్పు రాసుకోవడం ఒకటి. లేదని నమ్మే ముందు ఆ రెండోది చూడాలి."

కాగితాలు నిండేదాకా చేశాను. లేచేటప్పుడు అడిగాను, మీరు గుంటూరు వెళ్లిన రోజు మంచిరోజేనా అండీ అని. ఆవిడ నవ్వారు. "ఏ రోజో మా నాన్నకే తెలీదు. మంచి గంట చూసి చెప్పేవాళ్లు మా గుమ్మం దాకా ఎప్పుడు వచ్చేరు గనక? బండి ఎప్పుడుంటే అప్పుడే వెళ్లేం. వెళ్లిన పని అయ్యింది. అవని రోజులూ ఉన్నాయి. అప్పుడు మళ్లీ వెళ్లేం." దీపాలు పెట్టే వేళకి తాటిదుంగ దాటుతుంటే ఆ మాటే చెవుల్లో ఉంది. ఏ పంచాంగమూ తమకోసం విప్పని మనుషులు, ఒక్క తరంలో పాలేరుతనం నుంచి బీయస్సీ దాకా నడిచారు. మేం మేకుకి పంచాంగం వేలాడేసుకుని, కాలవ ఇవతలే కూర్చున్నాం.

తాతయ్య అరుగు మీద ఉన్నాడు. ఎక్కడికెళ్లేవే అన్నాడు. చెప్పాను. అమ్మ పక్కనుంచి తొంగిచూసి, "పెరట్లోంచి రా, నీళ్లు పోస్తాను" అంది. "పొద్దున్నే తలంటు పోసుకున్నానమ్మా" అని ముందు గుమ్మంలోంచే లోపలికి వెళ్లాను. పొయ్యిలోంచి బొగ్గుముక్క తీసుకుని మళ్లీ అరుగు మీదకి వచ్చాను. అరుగు మీద అడ్డంగా గీత గీశాను. దాని మీద గంటలు వేశాను. పంటు మీద ఏరు దాటి, బస్సెక్కి పదికి అమలాపురంలో ఉండాలంటే ఏడున్నర లోపు బయల్దేరాలి. ఏడున్నర దగ్గర నిండుచుక్క పెట్టి ఎడమకి బాణం గీశాను. వర్జ్యం దాటాలంటే తొమ్మిది తర్వాత. తొమ్మిది దగ్గర ఖాళీ సున్న చుట్టి కుడికి బాణం గీశాను. రెండు బాణాలు ఒకదానికొకటి వీపు తిప్పుకుని పోయాయి.

"రెండూ ఒకేసారి కావాలంటే వేళే లేదు తాతయ్యా."

"లేదనే కదే ప్రస్థానం పెట్టించేను. బయల్దేరడం అయిపోయింది, నువ్వు పొద్దున్న ఏడింటికే వెళ్లొచ్చు."

"ఏడింటికే వెళ్లొచ్చంటే ఆ షరతు ఉన్నట్టా లేనట్టా? మూట బయట ఉన్నందుకు నేను లెక్కలు లేకుండా కూర్చున్నాను. సీటు పోతే వర్జ్యం ఇస్తుందా?"

"పెద్దవాళ్లు చెప్పింది వినాలి. అంతా తెలిసినట్టు మాట్లాడకు."

అప్పుడు, ఎన్నాళ్లో దాచుకున్నది తీశాను. "మొన్న దింపు వర్జ్యంలోనే మొదలెట్టించేరు. మీరే చదివేరు, నేను విన్నాను."

"దింపువాళ్లు మన చేతిలో ఉన్నారేంటే? వాళ్లు వచ్చినప్పుడే దింపాలి."

"పంటు మన చేతిలో ఉందా తాతయ్యా?"

ఆయన చుట్ట పక్కన పెట్టి ముందుకి వంగాడు. గీత వంక చూశాడు. కాలితో తుడిచెయ్యలేదు. నేను చీకటి పడుతుండగా పెద్దమ్మగారింటికి వెళ్లి, ఆవిడ అయ్యయ్యో అంటూ వెంటపడుతుంటే మూట ఎత్తుకుని, వీధి వీధంతా చూస్తుండగా మా ఇంటి ముందు గుమ్మంలోంచి లోపలికి తెచ్చాను. ప్రస్థానం రద్దు. ఇక ఏ అడ్డూ లేకుండా, రేపు నేను నిండు వర్జ్యంలో నా కాళ్లతో గడప దాటాలి. అదే కావాలి నాకు.

పొద్దున్న తాతయ్య గొడ్లసావిట్లోకి వెళ్లి, బయటికి రాలేదు. నాన్న చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. సావిడి వైపు చూస్తాడు, నా వైపు చూస్తాడు, అడుగు వెయ్యడు. వాళ్ల నాన్న తలూపకుండా ఆయన ఏ ఊరూ వెళ్లి ఎరగడు. అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, నా సంచి భుజాన వేసుకుని చెప్పులు తొడుక్కుంది. "మీరు ఆలోచించుకోండి. మేం రేవుకి నడుస్తుంటాం" అంది. అంత మాట మా అమ్మ అనగా నేను అంతకుముందు వినలేదు. ఇద్దరం బయల్దేరాం. బోడసకుర్రు వెళ్లే పంటు కదలబోతుంటే రేవులో నాన్న సైకిలు గట్టు మీంచి జారుకుంటూ వచ్చింది. ముగ్గురం వైనతేయ పాయ దాటాం. మధ్యలో అమ్మ నీళ్లలో చెయ్యి ముంచి, తడి చేత్తో నా మొహం తుడిచింది.

మాస్టారు హోంవర్కు తిరగేశారు. కొట్టేసి మళ్లీ చేసిన లెక్కలు చూసి, ఎవరు చెప్పారని అడిగారు. చెప్పాను. బోర్డు దగ్గరికి పిలిచి కొత్త లెక్క ఇచ్చారు. గుర్తు సరిగ్గానే తిప్పాను కానీ, కంగారులో ఒక చివర ఖాళీ సున్న చుట్టాల్సిన చోట నిండుచుక్క పెట్టాను. "ఆ చివరి సంఖ్య పెట్టి చూసేవా?" అన్నారు. పెట్టి చూశాను. నిలవలేదు. చుక్క చెరిపి సున్న చుట్టాను. "ఊఁ. రేపట్నుంచి రా" అన్నారు.

సీటు వచ్చింది కాబట్టి వర్జ్యం అబద్ధమని నేను అనను. ఒక్క లెక్క కుదిరినంత మాత్రాన ఏదీ రుజువు కాదు. ఆ రోజు పంటు తిరగబడి ఉంటే వర్జ్యం నిజమని ఒప్పుకునేదాన్నా? ఒప్పుకోను. కానీ మా తాతయ్య ఏమన్నాడో వినండి. సాయంత్రం సంగతి తెలిశాక, తీరిగ్గా చుట్ట వెలిగించుకుని, "ఒక పూటైనా మూట బయట ఉంది కదా. ఆ బలం" అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ మండుతుంది. సీటు వస్తే ప్రస్థానం బలం, పోతే మూట తెచ్చిన పాపం. ఏ సంఖ్య పెట్టినా సరిపోయే లెక్క లెక్క కాదు. తప్పని తేలే దారి ఒక్కటి కూడా ఉంచుకోని మాటని నమ్మకమంటారేమో, నిజం అనడానికి మాత్రం వీల్లేదు. అయితే ఇంకొకటి కూడా చెప్పాలి. అరుగు మీది బొగ్గుగీతని ఆయన ఎవర్నీ కడగనివ్వలేదట. వానకి దానంతటదే పోయిందని అమ్మ తర్వాత చెప్పింది.

ఇప్పుడు మా ఊరి నుంచి అమలాపురానికి వంతెన ఉంది. పంటు కోసం ఎవరూ పరుగెత్తక్కర్లేదు. మా మేనల్లుడి కూతురు ఏ లెక్కలు చదవాలో ఎవరూ దానికి చెప్పలేదు, అదే ఎంచుకుంది. సులోచన టీచరుగారి పిల్లలు మా గుమ్మంలోంచే వచ్చి మా కుర్చీల్లో కూర్చుంటారు, మేం వాళ్ల కుర్చీల్లో కూర్చుంటాం. ఇవి చిన్న మార్పులు కావు, ఊరికే వచ్చినవీ కావు. కానీ మేకు మీది పంచాంగం మాత్రం పోలేదు, ఫోనులోకి ఎక్కింది. తాతయ్య కళ్లజోడు సర్దుకుని ఉజ్జాయింపుగా చదివినదాన్ని ఇప్పుడది సెకన్లతో సహా చెబుతోంది. యంత్రాలు కట్టే చదువు చదివినవాడు దాన్ని చూసి, కన్నకూతురి చేతిలోంచి పెన్ను తీసి పక్కింట్లో పెట్టి వచ్చాడు. మా తాతయ్యకి లేని చదువు వీడికి ఉంది. అందుకే వీడి మీద నాకు కోపం ఎక్కువ.

ఆ సాయంత్రం ఆ పిల్లని ఒక్కటే అడిగాను. "బ్యాగు ఎవరిదే?" అని. "నాదే మామ్మా. తెస్తే నాన్న తిడతారు" అంది. నేను వెళ్లి తెచ్చి ఇవ్వలేదు. కాసేపు తన తొడ మీద గీసుకున్న గీతలు చూసుకుని, లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటికి వెళ్లింది. బ్యాగుతో ముందు గుమ్మంలోంచే వచ్చి, కాగితం తీసి సంఖ్యారేఖ గీసుకుంది. వాళ్ల నాన్న ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు. పరీక్ష ఎలా రాసిందో మీకు చెప్పను. దాంతో ఏదీ రుజువు కాదు.

మీ పని చెబుతాను. ఇది చదవడం ఆపి లేవండి. మీ పిల్ల మూట ఏ ఇంట్లో ఉందో మీకు తెలుసు, పెట్టింది మీరే. వెళ్లండి. ముడి విప్పి, పుస్తకం తీసి, పిల్ల చేతిలో పెట్టండి.